బయాథ్లాన్ గాలివాటం ఆటేనా?

మంచు మీద స్కీలతో పరిగెడుతూ, మధ్యమధ్యలో ఆగి రైఫిల్‌తో గురిపెట్టి కాల్చే ఆట బయాథ్లాన్. దాని ప్రపంచ ఛాంపియన్‌షిప్ వీడియో ఏది తిరిగినా దాని వెంట ఈ వాదన కూడా తిరుగుతుంది: "ఇది ఆట కాదు, లాటరీ. స్కీల మీద ఎంత పరిగెత్తినా చివరికి గాలి ఎవరికి ఆగితే వాడికే బంగారం. పైగా కాల్చేముందు గుండె ఆపుకుంటారు, రైఫిల్‌కి దూరదర్శిని ఉంటుంది. గురి ఉంటే చాలు, స్కీయింగ్ రాకపోయినా గెలవచ్చు, 1960లో అలా గెలిచినవాడున్నాడు." అంతా అదృష్టమేనట, అదే నోటితో గురి ఉంటే చాలట. రెండింట్లో ఏదో ఒకటి అనాలి కదా.

ముందు గాలి సంగతి. ఇందులో కొంత నిజముంది. టార్గెట్ 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పడుకుని కాల్చేటప్పుడు కొట్టాల్సిన వృత్తం వ్యాసం 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేటప్పుడు 115. వాడేది 0.22 క్యాలిబర్ చిన్న తూటా, పక్కగాలికి అది పక్కకి జరుగుతుంది. కానీ ఆ గాలి గురించి ఆటగాళ్లకు తెలియదని అనుకుంటేనే లాటరీ మాట నిలబడుతుంది. రేసుకి ముందు వాళ్లు రేంజ్‌లో, అంటే కాల్చే చోట, కాల్చి చూసుకుని, ఆ పూట గాలికి తగ్గట్టు రైఫిల్ మీద గురిచూసే సైట్ సరిచేసుకుంటారు. రేంజ్‌లో చిన్న చిన్న గాలి జెండాలు కట్టి ఉంటాయి. మొదట సరిచేసుకున్నప్పుడు జెండా ఎటు ఎగిరింది, ఇప్పుడు ఎటు ఎగురుతోంది అని చూసుకుని సైట్‌ని ఇన్ని క్లిక్కులు అటో ఇటో తిప్పుతారు. తెరిపి వచ్చేదాకా ఆగడమూ ఒక దారే, కాకపోతే ఆగిన ప్రతి సెకనూ గడియారంలో పడుతుంది. క్లిక్ తిప్పాలా, ఆగాలా, గురినే కాస్త పక్కకి పట్టాలా అన్నది రొప్పుతూ రొప్పుతూ, ముక్కు మీద మంచు పేరుకున్న మనిషి రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. గాలి అందరికీ ఒకేలా వీచదు, ఒప్పుకుంటా. మబ్బు చూసి విత్తనం వేసే రైతుకీ వాన చేతిలో ఉండదు. అంతమాత్రాన సేద్యాన్ని జూదం అనం.

నిజంగానే లాటరీ అయితే ఒకే మనిషికి వరసపెట్టి తగలకూడదు. 2020లో ఇటలీలోని అంథోల్జ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నార్వే అమ్మాయి మార్టే ఊల్స్‌బు రోయ్‌సెలాండ్ ఏడు రేసుల్లో దిగి ఏడింటా పతకం తెచ్చుకుంది. అయిదు బంగారం, రెండు కాంస్యం. మూడేళ్ల తర్వాత జర్మనీలోని ఓబర్‌హోఫ్‌లో, అదీ పొగమంచుకీ గాలికీ పేరుపడ్డ కొండమీద, ఆమె దేశస్థుడే యోహానెస్ తింగ్నెస్ బో కూడా ఏడుకి ఏడు కొట్టాడు. స్ప్రింట్, పర్స్యూట్, ఇండివిడ్యువల్ అనే ఒంటరి రేసుల్లో, ఆడా మగా కలిసి దిగే రెండు రకాల మిక్స్‌డ్ రిలేల్లో బంగారం, పురుషుల రిలేలో వెండి. చివరి రోజు అందరూ ఒకేసారి బయలుదేరే మాస్ స్టార్ట్‌లో స్వీడన్ ఆటగాళ్లు సామ్యుయెల్సన్, పొన్సిలువోమా అతన్ని దాటేశారు, అయినా కాంస్యం చేతికొచ్చింది. నక్కతోక తొక్కినవాడికి కూడా ఏడుసార్లు అలా కుదరదు. ఇక 2024లో చెక్ దేశంలోని నోవే మెస్తోలో మహిళల స్ప్రింట్ చూడండి. జూలియా సిమోన్, జుస్టిన్ బ్రెజా-బుషే, లూ జాన్‌మొనో, సోఫీ షొవో. మొదటి నాలుగు స్థానాలూ ఫ్రాన్స్‌వే. గాలికి ఫ్రెంచ్ భాష వచ్చని ఎవరైనా అంటే తప్ప దీనికి లాటరీ వివరణ దొరకదు.

1960 కథకి వద్దాం. అమెరికాలోని స్క్వా వ్యాలీలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో తొలి బయాథ్లాన్ బంగారం స్వీడన్ ఆటగాడు క్లాస్ లెస్టాందర్‌ది. 20కి 20 కొట్టాడు. స్కీయింగ్‌లో అతనికంటే వేగంగా వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరికంటే వేగంగా వెళ్లిన ఫ్రాన్స్ ఆటగాడు విక్టర్ ఆర్బేజ్ 18 గురులు తప్పి 25వ స్థానంలో ఆగాడు. ఈ ముక్క వరకు నిజమే. చెప్పకుండా వదిలేసింది ఏమిటంటే, అప్పట్లో తప్పిన ప్రతి గురికీ రెండు నిమిషాలు కలిపేవారు. ఆర్బేజ్‌కి పడింది 36 నిమిషాలు! టార్గెట్లు కూడా 100 నుంచి 250 మీటర్ల దూరంలో ఉండేవి. ఆ నియమాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు 20 కిలోమీటర్ల ఇండివిడ్యువల్‌లో తప్పుకి ఒక నిమిషమే. స్ప్రింట్, పర్స్యూట్, మాస్ స్టార్ట్‌లలో అయితే 150 మీటర్ల పెనాల్టీ లూప్ ఒకసారి చుట్టి రావాలి, మంచి ఆటగాడికి అది ఇరవై పైచిలుకు సెకన్ల పని. అంటే కాళ్లలో సత్తా ఉంటే ఒక తప్పుని పూడ్చుకోవచ్చు. జర్మనీకి చెందిన మాగ్డలీనా నోయ్‌నర్ నిలబడి కాల్చే దగ్గర తడబడేదని ఆమె అభిమానులే తలపట్టుకునేవారు. ఆమె ఖాతాలో 12 ప్రపంచ ఛాంపియన్‌షిప్ బంగారాలున్నాయి. గురి ఒక్కటే చాలన్న మాటకి ఆవిడే జవాబు.

గుండె ఆపుకోవడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆపుకునేది ఊపిరి, అదీ ట్రిగ్గర్ నొక్కే క్షణానికి. రేంజ్‌కి రాబోతూ వేగం కాస్త తగ్గిస్తారు, అయినా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. నిమిషానికి 160 సార్లు కొట్టుకుంటోందనుకోండి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేది 0.375 సెకను. ఆ సందులో కాలుస్తారని అనుకునేవారు ఒకసారి మెట్లెక్కి వచ్చి, ఆ రొప్పుతోనే సూదిలో దారం ఎక్కించి చూడాలి.

దూరదర్శిని ఉంటుందన్నది శుద్ధ అబద్ధం. పెద్దది చేసి చూపే అద్దాలు రైఫిల్ మీద నిషిద్ధం. కంటి దగ్గర సన్నటి రంధ్రం, గొట్టం చివర ఒక రింగు, రెండింటి మధ్య నుంచి నల్లచుక్కని చూడటమే. వీపున మోసుకెళ్లే ఆ రైఫిల్ కనీసం 3.5 కిలోలుండాలి. దారిలో సైట్లలోకి మంచు దూరకుండా చిన్న మూతలుంటాయి, కాల్చేముందు తెరవాలి. తెరవడం మరిచిపోతే మాత్రం గాలిని తిట్టుకోవడానికి లేదు.