పచ్చగా ఉంటే చాలు

అమెరికాలో కారుతున్న కప్పు బాగుచేయడానికి మనిషి నిచ్చెన ఎక్కాలంటే, ముందు హైదరాబాద్‌లో ఒకరు నైట్ షిఫ్ట్‌లో ఎక్సెల్ షీట్ తెరవాలి. కాంట్రాక్టరు ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ పంపాడా, లయబిలిటీ (ఎదుటివాళ్లకి నష్టం జరిగితే కట్టే బీమా) ఒక్కో ప్రమాదానికి పది లక్షల డాలర్లు, మొత్తం మీద ఇరవై లక్షలు ఉందా, పనివాళ్లకి దెబ్బ తగిలితే పరిహారమిచ్చే కాంపెన్సేషన్ పాలసీ ఉందా, ఇవన్నీ చూసి స్టేటస్ మార్చాలి. కప్పు ఇంకా కారుతోందా అనే కాలమ్ ఆ షీట్‌లో లేదు. అక్కర్లేదు కూడా.

'అడిగాం', 'వచ్చింది' అనే దశలు మామూలువే. 'రివ్యూలో ఉంది' అంటే గోడ మీద పిల్లి. ఎవరి దగ్గరుందో తెలీదు, ఎవర్నడిగినా ప్రాసెస్‌లో ఉందంటారు. అసలు ప్రతిభ బయటపడేది 'లోపం ఉంది' దగ్గర. క్లయింటు, అంటే పని చేయించుకునే కంపెనీ, పేరు చివరుండే ఎల్ఎల్‌సీ (కంపెనీ రకం) ముందు కామా లేదని వెనక్కి పంపుతాం. క్లయింటుకి కూడా రక్షణ వర్తిస్తుందని చెప్పే బుల్లి గడిలో 'వై' అక్షరం లేకపోతే మళ్లీ పంపుతాం. ఇన్సూరెన్స్ ఏజెంటు 'వై' (అవును) కొట్టి పంపిస్తాడు. షీట్ పచ్చబడుతుంది, అంటే అంతా సవ్యమే అని. ఆ మాట పాలసీలో నిజంగా రాసుందా అని ఎవరూ అడగరు. పాలసీ చాంతాడంత ఉంటుంది, మనకేమో షిఫ్ట్ అయిపోతోంది.

ఇంతకీ ఈ భాగోతమంతా నడిచేది అకార్డ్ 25 అనే ఒక పేజీ సర్టిఫికెట్ ఫారం మీద. ఇది సమాచారం కోసం మాత్రమే, దీన్ని పట్టుకున్నవాళ్లకి ఏ హక్కులూ రావు అని దాని నెత్తిమీదే పెద్దక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. ఇంత నిజాయితీ మన పెళ్లి బయోడేటాల్లో కూడా చూడలేదు. పాలసీ రద్దయితే ఇన్ని రోజుల ముందు ఉత్తరం వేయడానికి ప్రయత్నిస్తామని ఒకప్పుడు దాని మీద ఒక లైను ఉండేది. 2009లో ఆ ప్రయత్నం కూడా మానేశారు. పాలసీలో ఏముంటే అదే అంటోంది ఇప్పుడు. కాబట్టి కాంట్రాక్టరు సర్టిఫికెట్ పంపి, పై నెల నుంచి ప్రీమియం ఎగ్గొట్టి, పాలసీ పోగొట్టుకున్నా మన షీట్ మాత్రం గడువు తేదీ దాకా పచ్చగా కళకళలాడుతూనే ఉంటుంది.

వీటన్నిటికీ అతీతమైన దశ 'మినహాయింపు'. కాంట్రాక్టరు పెద్దసారుకి కావాల్సినవాడైతే కామాలతో పనిలేకుండా నేరుగా అక్కడికే చేరతాడు.

ఇక మంచు ఎత్తే కాంట్రాక్టరు సంగతి. నవంబరులో అడిగిన సర్టిఫికెట్ లోపాలన్నీ దిద్దుకుని ఏప్రిల్‌లో పచ్చబడింది. ఈలోగా మంచు పడింది, ఎత్తారు, మిగిలింది కరిగింది. మంచుకి ప్రాసెస్ అంటే గౌరవం లేదు. రెడ్‌లు సున్నా అయ్యాయని టీమ్‌కి మాత్రం అభినందన మెయిల్ వచ్చింది. మర్నాడే ఆ సర్టిఫికెట్ పసుపు రంగులోకి తిరిగింది: 'త్వరలో గడువు ముగుస్తుంది'.