యూనిఫాంకు లొంగిపోవడం నేర్పింది ఎవరు?

పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి, ‘అరెస్టు చేశాం’ అని ఇంట్లోనే కూర్చోబెట్టి సొమ్ము లాగే డిజిటల్ అరెస్ట్ మోసంలో విశాఖవాసి మరొకరు డబ్బు పోగొట్టుకున్నారన్న వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఒక మాట వస్తోంది. ‘ఇంత చదువుకుని ఎలా నమ్మారండీ?’ అధికారులు అదే అంటారు, బ్యాంకు కౌంటర్ దగ్గరా అదే వినపడుతుంది, చివరికి సొంత బంధువులూ అదే అడుగుతారు. ఈ మాట మాకు కోపం తెప్పిస్తోంది. డబ్బు పోయిన మనిషికి పరువు కూడా పోయేలా చేసే మాట ఇది. నలుగురూ నవ్వుతారన్న భయంతో ఫిర్యాదు ఆలస్యం చేసేలోపు సొమ్ము పది ఖాతాలు మారిపోతుంది. పైగా అందులో నిజమూ లేదు. ఈ మోసానికీ చదువుకీ సంబంధం లేదు.

మామూలు మనిషి పైవాడి ఆజ్ఞకు ఎంతవరకు తలవంచుతాడో 1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వవేత్త పరీక్షించి చూశాడు. పక్క గదిలోని వ్యక్తి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా 15 వోల్టుల చొప్పున పెంచుతూ కరెంటు షాక్ ఇవ్వాలి. నిజానికి షాక్ లేదు, అవతలి వ్యక్తి ముందే మాట్లాడి పెట్టుకున్నవాడు. మీట నొక్కేవాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు. 40 మందిలో 26 మంది చివరి మీట దాకా, అంటే 450 వోల్టుల దాకా వెళ్లారు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, ఆపేద్దామని కొందరు ప్రాధేయపడ్డారు. ప్రయోగం నడిపే వ్యక్తి కొనసాగించమని చెప్పగానే మళ్లీ మీట నొక్కారు.

అంతవరకు చాలామందికి తెలిసిందే. అసలు చూడాల్సింది ఆయన పరిస్థితులు మార్చి చేసిన ప్రయోగాలను. ఆజ్ఞ ఇచ్చే వ్యక్తి గదిలోంచి వెళ్లిపోయి ఫోన్‌లో చెబితే, చివరిదాకా వెళ్లినవాళ్లు ఐదో వంతుకు పడిపోయారు. పేరున్న యూనివర్సిటీ బదులు బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో ఒక సాదాసీదా ఆఫీసులో పెడితే పాల్గొన్నవాళ్లలో సగానికి కాస్త తక్కువమందే చివరిదాకా వెళ్లారు. పక్కన కూర్చున్న ఇద్దరు ‘మేం చేయం’ అని లేచేస్తే, 40 మందిలో చివరిదాకా మిగిలింది నలుగురే. ఆజ్ఞ ఇచ్చేవాళ్లు ఇద్దరుండి, ఒకరు కానివ్వమని ఇంకొకరు ఆపమని చెప్పినప్పుడు ఒక్కరంటే ఒక్కరు కూడా చివరిదాకా వెళ్లలేదు. పాల్గొన్నవాళ్లలో కొందరు అది నాటకమని పసిగట్టారన్న విమర్శ ఉంది. కానీ జెర్రీ బర్గర్ అనే మరో మనస్తత్వవేత్త 150 వోల్టుల దగ్గరే ఆపేసే జాగ్రత్తతో మళ్లీ చేసి 2009లో ప్రచురించిన ప్రయోగంలోనూ జనం దాదాపు అలాగే ప్రవర్తించారు.

ఇప్పుడు డిజిటల్ అరెస్ట్ కాల్‌ను చూడండి. ఉత్త గొంతుకు బలం తక్కువ కాబట్టే మోసగాడు వీడియో కాల్‌కి మారతాడు, కెమెరా ఆపొద్దని హెచ్చరిస్తాడు. ఒంటిమీద ఖాకీ, వెనక జెండా, గోడకి ఏదో దర్యాప్తు సంస్థ ముద్ర ఉంటాయి. తలుపులు వేసుకోమంటాడు, భార్యకి కూడా చెప్పొద్దంటాడు. పక్కన ఇంకో మనిషి కూర్చుని ‘ఇదేంటండీ’ అన్నాడంటే తన పని అయిపోయినట్టేనని వాడికి బాగా తెలుసు. మొదటే లక్షలు అడగడు. ముందు ఆధార్ నంబరు, తర్వాత ఖాతా వివరాలు, తర్వాత ‘వెరిఫికేషన్’ కోసం కొంత సొమ్ము, చివరికి ఫిక్స్‌డ్ డిపాజిట్. ఇదీ పదిహేనేసి వోల్టుల లెక్కే.

పిల్లలు విదేశాల్లో ఉండగా ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ ఉద్యోగి ఈ వలలో పడితే ఆశ్చర్యపోవాల్సింది ఏముంది? స్టీల్‌ప్లాంట్‌లో, పోర్టులో, షిప్‌యార్డులో పైవాళ్ల మాటకు విలువిచ్చి సర్వీసు చేసినవాళ్లు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు ఇది, యూనిఫాం అంటే గౌరవం ఉన్న ఊరు. అందుకు వాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు.

కాల్‌కి అవతలివైపు కూర్చున్నది కూడా ఒక్కోసారి మన పిల్లలే. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియాకు చేర్చి, నిర్బంధించి, సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో బయటపెట్టింది విశాఖ పోలీసులే. మాట వినకపోతే హింసించేవారని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. వాళ్లను బాధితులుగా చూసిన పోలీసు శాఖ, డబ్బు పోగొట్టుకున్న పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి ‘అవగాహన లేదు’ అని తేల్చేయడం ఏం న్యాయం?

ఇంత ప్రచారం చేస్తున్నాం, ఇంకేం చేయాలని అధికారులు అడుగుతారు. నిజమే, 2024 అక్టోబరులో ప్రధాని స్వయంగా మన్ కీ బాత్‌లో హెచ్చరించారు, ఫోన్ కాలర్ ట్యూన్లు కూడా పెట్టారు. అయినా దేశవ్యాప్తంగా బాధితులు పోగొట్టుకున్నది దాదాపు 3,000 కోట్ల రూపాయలని సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది. 2025 డిసెంబరులో దర్యాప్తును కోర్టు సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది.

ప్రచారం పనిచేయకపోవడానికి కారణం పోలీస్ స్టేషన్లలోనే ఉంది. యూనిఫాంలో ఎవరు కనిపించినా ప్రశ్నించండి, కాగితం చూపమనండి అని పోస్టర్లు చెబుతాయి. అదే పౌరుడు అసలు పోలీసు ఫోన్ చేసి ‘ఓసారి స్టేషన్‌కి రా’ అన్నప్పుడు నోటీసు ఏదని అడిగి చూడమనండి! ‘మాకే చట్టం నేర్పుతావా’ అన్న జవాబు వస్తుంది. అరెస్టు చేసే సిబ్బంది పేరు, హోదా స్పష్టంగా కనిపించే బ్యాడ్జీ పెట్టుకోవాలని డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1996లో. హాజరు నోటీసులు వాట్సాప్‌లో పంపడం చెల్లదని 2025 జనవరిలో చెప్పింది. అసలు పోలీసే ఇవి పాటించనప్పుడు, నకిలీవాడు పాటించలేదన్న అనుమానం ఎవరికి వస్తుంది? ఏళ్ల తరబడి ఎదురు ప్రశ్న వేయొద్దని నేర్పి, ఒక్క రోజు ప్రశ్న వేయలేదని వెక్కిరించడం కపటం. మోసగాడు పండించుకుంటున్నది ఈ వ్యవస్థ నాటిన భయాన్నే.

బ్యాంకులదీ ఇదే కపటం. కేవైసీ కాగితం ఒకటి తక్కువైతే పింఛనుదారుణ్ని నాలుగుసార్లు తిప్పే బ్రాంచి, అదే మనిషి వణుకుతూ వచ్చి డిపాజిట్లన్నీ రద్దు చేసి ముక్కూమొహం తెలియని ఖాతాకు ఆర్టీజీఎస్ చేయమంటే ఎందుకు నిమిషాల్లో పని ముగిస్తోంది? రెండో గొంతు వినిపిస్తే లొంగిపోవడం ఆగుతుందని మిల్‌గ్రామ్ ప్రయోగాలు చూపించాయి. ఆ రెండో గొంతు కౌంటర్ వెనక ఉన్న ఉద్యోగిది కావాలి. వృద్ధుల ఖాతాలోంచి పెద్ద మొత్తం కొత్త ఖాతాకు వెళ్తుంటే ఒక్క రోజు ఆపండి. మేనేజర్ గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి ‘ఫోన్ ఎవరిదండీ’ అని అడగండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ మీరే కలపండి. టార్గెట్లు కొట్టడానికి ఖాతాదారుల ఇళ్లకు వెళ్లగలిగినవాళ్లకు ఇది భారం ఎలా అవుతుంది?

పోలీసు ఉన్నతాధికారులు ఇంకో ప్రెస్‌మీట్ పెట్టి పౌరులకు ధైర్యం బోధించే ముందు, నోటీసు అడిగినందుకు పౌరుణ్ని బెదిరించిన సొంత సిబ్బందిలో ఎంతమందిపై చర్య తీసుకున్నారో చెప్పాలి. ఆ లెక్క చూపలేకపోతే బాధితుల తెలివి గురించి మాట్లాడటం మానుకోవాలి.