మొద్దుకత్తి గారికి

మహారాజశ్రీ సకబతో గారికి,

ఉభయకుశలోపరి. మీ దెబ్బ తిన్నవాళ్ల కుశలం మాత్రం అడగను. పక్కటెముకలు విరిగినవాళ్లు జవాబు రాసే స్థితిలో ఉండరు కదా.

1994లో షోనెన్ జంప్ వారపత్రికలో మొదలై, 1999 దాకా నడిచి, 28 సంపుటాలైన జపాన్ బొమ్మల కథ 'రురోని కెన్షిన్'లో అసలు హీరో మీరేనని చాలామంది అభిప్రాయం. అంతర్యుద్ధం రోజుల్లో 'బత్తోసాయి' అనే పేరుతో క్యోటో వీధుల్లో లెక్కలేనంతమందిని నరికిన కెన్షిన్, ఇక ఎవర్నీ చంపనని ఒట్టేసుకుని పదేళ్లు దేశదిమ్మరిగా తిరుగుతాడు. ఆ ఒట్టుకి మీరు పూచీకత్తు. పదును ఉండాల్సిన వైపు మొద్దు, మొద్దు ఉండాల్సిన వైపు పదును.

చదివినప్పుడల్లా నాకొకటే సందేహం. మామూలు కటానాకీ (జపాన్ కత్తికీ) వెనకవైపు మొద్దే కదా? తిరగేసి కొడితే సరి. జపాన్‌వాళ్లు దానికి 'మినెఉచి' అని పేరు కూడా పెట్టుకున్నారు. మరి మీరెందుకు?

మా ఇళ్లల్లో షుగర్ వచ్చిన పెద్దాయన సున్నుండల డబ్బాకి తాళం వేయించి, తాళంచెవి ఆవిడ కొంగుకి కట్టిస్తాడు. చుట్టాలొస్తే "మానేశానండీ" అంటాడు. మానేసింది ఆయనా, తాళమా? మామూలు కత్తయితే తిప్పాలా వద్దా అని ప్రతి దెబ్బకీ కెన్షిన్ తేల్చుకోవాలి. మీరుంటే ఆ టెన్షన్ లేదు.

పోనీ, తాళమైనా గట్టిదా? జినె అనే హంతకుడు, కెన్షిన్‌కి ఆశ్రయమిచ్చిన కావోరుని ఎత్తుకెళ్లిన రాత్రి కెన్షిన్ కళ్లల్లోకి పాత బత్తోసాయి వచ్చేశాడు. వాణ్ని చంపేయబోతుంటే ఆపింది కావోరు కేక. మీరు అతని చేతిలోనే ఉన్నారు, కిక్కురుమనలేదు!

కెన్షిన్‌కి నమూనాగా రచయిత తీసుకున్న కవకమి గెన్సాయి నిజంగా బతికిన మనిషి. అతనికి 1872లో, అంతర్యుద్ధం తర్వాత వచ్చిన మేజీ ప్రభుత్వమే మరణశిక్ష వేసింది. కాగితం మీది కెన్షిన్‌కి మాత్రం ఒక డోజో (కత్తిసాము నేర్పే చోటు), మీరు, బట్టలుతికే తొట్టి దక్కాయి. ఆ తొట్టిని ఏమీ అనను. ఎవరూ చూడకపోయినా, చప్పట్లు లేకపోయినా రోజూ ఇంకొకళ్ల బట్టలు ఉతకడం... మొత్తం కథలో నాకు నమ్మకం కుదిరిన ప్రాయశ్చిత్తం అదొక్కటే.

ఇక ఎనిషి సంగతి. మీరింకా చేతికి రాకముందు, కెన్షిన్ కత్తి దెబ్బకి పొరపాటున అతని భార్య తొమోయె చనిపోయింది. పగ తీర్చుకోడానికి వచ్చిన ఎనిషి ఆమె తమ్ముడు. సాక్షాత్తూ బావమరిది! ఊరందరికీ మీ మొద్దు అంచు చూపించి మంచివాడనిపించుకోవచ్చు. బావమరిది దగ్గర కుదురుతుందా? "ఇక చంపనులే" అంటే అక్క పోయినవాడికి ఒరిగిందేమిటి?

మిమ్మల్ని తయారుచేసిన అరాయ్ షక్కు కూడా హత్యలకి కత్తులు అందించినవాడే. ఒకే రకం కత్తులు రెండు చేసి, మేలైనది గుడికిచ్చి, రెండోది కెన్షిన్‌కి ఇచ్చాడు. మా దగ్గర సన్న అరటిపళ్లు దేవుడికీ, మంచివి ఇంట్లోకీ. అక్కడ వ్యవహారం తిరగబడినట్టుంది. ఆ రెండో రకమేమో సోజిరో అనే శత్రువుతో పోరులో రెండు ముక్కలైంది. ఇప్పుడీ ఉత్తరం అందుకుంటున్నది, ఆ తర్వాత గుడిలోంచి కెన్షిన్ చేతికొచ్చినవారేనని అనుకుంటున్నాను.

చివరికి కావోరు దగ్గర కత్తిసాము నేర్చుకున్న పదిహేనేళ్ల యాహికో చేతిలో మిమ్మల్ని పెట్టి కెన్షిన్ చేతులు దులుపుకున్నాడు. ఆ పిల్లాడు ఎవర్నీ చంపలేదు. చిన్నప్పుడు జేబులు కొట్టాడు, అంతే. దానికి వెదురు కత్తి చాలదూ? పైగా 1876 నుంచి దేశంలో కత్తులు పట్టుకు తిరగడమే నేరం. పోలీసులు ఆపితే "కత్తేగానీ కోయదండీ" అని చెప్పుకోవాల్సింది ఇకమీదట వాడే.

ఇట్లు,
28 సంపుటాలూ రెండుసార్లు చదివి, మూడోసారి మొదలెట్టిన
ఒక పాఠకుడు