"సీ, రస్ట్ నేర్చుకోవడం దండగ" అన్న మెసేజీకి నా జవాబు

పోయిన వారం పరకాల నుంచి మా అన్న ఒక వాట్సాప్ మెసేజీ పంపాడు. దాని కింద తనే రాశాడు: "తమ్మీ, గిది సూడు. మావోడు రాత్రి రెండింటిదాక గదే పని మీద ఉంటుండు. గిండ్ల రాసింది నిజమేనా?" అదే మెసేజీ అప్పటికే మా కాజీపేట అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, పాత క్లాస్‌మేట్ల గ్రూపులోనూ తిరుగుతోంది.

మెసేజీ సారాంశం ఇది. "కోడ్ ఇప్పుడు ఏఐ రాస్తుంది, కాబట్టి సీ, రస్ట్, అసెంబ్లీ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవడం దండగ. గేములు తయారుచేస్తున్నామనే పిల్లలు నిజానికి ఆడుకుంటున్నారు. బోర్డులు, చిప్పులు డబ్బున్నవాళ్ల సరదా. హాబీగా రాసిన ప్రోగ్రాం ఎవరికీ అక్కరకు రాలేదు. మన జిల్లాల పిల్లలకు ఇవన్నీ అయ్యే పనులు కావు. ఉద్యోగం వచ్చే కోర్సు ఒక్కటి చెప్పించండి చాలు."

మా అన్న పత్తి రైతు. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన పైసలతో కొడుకును ఇంజినీరింగ్ చదివిస్తున్నాడు. అలాంటి మనిషి గుండెల్లో భయం పెట్టే మెసేజీ కాబట్టి ఊరుకోలేక జవాబు రాస్తున్నాను. చిన్న చిన్న చిప్పులకు ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి, ఈ సంగతి మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

ముందు "హాబీగా రాసింది ఎవరికీ అక్కరకు రాలేదు" అన్న మాట. ఇది పచ్చి అబద్ధం. ఆ మెసేజీ చదివిన ఆండ్రాయిడ్ ఫోను లోపల నడుస్తున్నది లినక్స్ కెర్నల్, అంటే ఫోను పనులన్నిటికీ అడుగున ఉండే మూల ప్రోగ్రాం. 1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ దాని గురించి మొదటిసారి నలుగురికీ చెబుతూ, ఇది హాబీ మాత్రమే, పెద్దదేమీ కాబోదు అని రాశాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను గిడో వాన్ రోసమ్ 1989లో క్రిస్మస్ సెలవుల కాలక్షేపంగా మొదలుపెట్టాడు. మెసేజీ దండగ అన్న రస్ట్ కూడా 2006లో గ్రేడన్ హోర్ సొంతంగా మొదలుపెట్టుకున్న పనే. తాను ఉండే అపార్ట్‌మెంట్ లిఫ్టు సాఫ్ట్‌వేర్ లోపంతో ఆగిపోతే మెట్లెక్కి ఇంటికి వెళ్లి, ఇలాంటి తప్పులను ముందే పట్టుకునే భాష ఒకటి ఉండాలని ఆలోచించాడు. 2015 మేలో రస్ట్ 1.0 వచ్చింది. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో దానికి చోటు దొరికింది. ఒకరి హాబీ ఇంకొకరి హాబీలోకి వెళ్లి కూర్చుంది. ఆ "ఉద్యోగం వచ్చే కోర్సు"లో చెప్పేది చాలాచోట్ల పైథానే, ఆ ప్రోగ్రాములు చివరికి నడిచేది ఎక్కువగా లినక్స్ సర్వర్ల మీదే.

ఇక గేముల సంగతి. ఆడడం వేరు, తయారుచేయడం వేరు. పతంగి ఎగరేసేవాడికి దారం చేతిలో ఉంటే చాలు. పతంగి కట్టేవాడికి పుల్ల ఎంత వంగుతుందో, కాగితం ఎక్కడ చిరుగుతుందో తెలియాలి.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్ గ్రహాల మధ్య తిరిగే ఒక గేము రాసుకున్నాడు. పెద్ద కంప్యూటర్ మీద దాన్ని ఆడితే ఖర్చు బాగా అయ్యేది. అందుకని ఎవరూ పెద్దగా వాడని ఒక పీడీపీ-7 యంత్రానికి దాన్ని మార్చుకున్నాడు. ఆ పనిలో నేర్చుకున్నదాంతో అదే యంత్రం మీద యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టింది. దాని కోసమే తర్వాత సీ భాష వచ్చింది. మాస్కోలో 1984లో అలెక్సీ పజిత్నోవ్ ఇటుకలు పేర్చే టెట్రిస్ గేమును రాసిన ఎలెక్ట్రానికా 60 కంప్యూటరుకు బొమ్మలు గీసే శక్తే లేదు. తెర మీద అక్షరాలు మాత్రమే వచ్చేవి. ఆయన బ్రాకెట్లనే ఇటుకల్లా పేర్చాడు.

మా అన్న కొడుకు చేస్తున్నది ఈ తరహా పనే. వాడు మొదట సీ భాషలో చిప్-8 ఎమ్యులేటర్ రాశాడు. ఎమ్యులేటర్ అంటే మన దగ్గర లేని యంత్రాన్ని ప్రోగ్రాంతో నిలబెట్టడం. చిప్-8 అనేది 1970లలో వచ్చిన చిన్న ఊహా యంత్రం. ఆదేశాలు 35, మెమరీ 4,096 బైట్లు, తెర 64 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు. అంతే. మొత్తం యంత్రం ఒక మనిషి తలలో పడుతుంది, దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. ఈ రోజు చేతిలో ఉన్న ఫోనును పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కడూ ఉండడు. చిప్-8ను మాత్రం ఇరవై ఏళ్ల పిల్లగాడు అడుగు నుంచి పైదాకా తెలుసుకోగలడు.

ఇప్పుడు వాడు 1989 నాటి గేమ్ బాయ్ అనే, చేతిలో పట్టుకుని ఆడే గేము యంత్రం మీద పడ్డాడు. దాని తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, అంటే 23,040 చుక్కలు. సుమారు 4 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ సెకనుకు 60 సార్లు అన్ని చుక్కలనూ ఒక్కొక్కటిగా మార్చలేదు. అందుకే తెరను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా, అడ్డంగా 20, నిలువుగా 18, మొత్తం 360 గళ్లుగా విడగొట్టారు. ఒక్కో గడిలో బొమ్మ ఉండదు, బొమ్మ నంబరు ఉంటుంది. గడ్డి బొమ్మ ఒక్కసారి గీస్తే చాలు, దాని నంబరును వంద గళ్లలో రాసుకోవచ్చు. ఇది వాడికి చెప్పినప్పుడు నాకు కొత్తవాడ జంపఖానాలు గుర్తొచ్చాయి. అక్కడా ఒకే పువ్వు గళ్ల లెక్కతో అంచు పొడవునా మళ్లీ మళ్లీ వస్తుంది. తక్కువ సరుకుతో ఎక్కువ పని చేయించే ఈ తెలివిని గేము ఆడుతూ నేర్చుకోలేం. గేము రాస్తే తప్పక నేర్చుకుంటాం.

"డబ్బున్నవాళ్ల సరదా" అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. సీ కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్లు, రస్ట్, గేములు కట్టే గోడో ఇంజిన్, ఇవన్నీ ఉచితం. వాడు వాడుతున్నది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. రాస్ప్‌బెర్రీ పై పీకో అనే చిన్న బోర్డు 2021 జనవరిలో వచ్చినప్పుడు ధర 4 డాలర్లు. ఈ మెసేజీ సిఫారసు చేసే కోర్సుల ఫీజు వేలల్లో ఉంటుంది. ఏది డబ్బున్నవాళ్ల సరదానో అన్నే లెక్క వేసుకోవచ్చు.

ఏఐ మాట దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మెసేజీలో సగం నిజం ఉన్నది ఇక్కడే. ఏఐ కోడ్ రాస్తుంది, బాగానే రాస్తుంది. నేనూ వాడతాను. అయితే రెండు నెలల కింద మా ఇంట్లో జరిగింది చెప్తాను.

అన్న బావి దగ్గరి మోటారు కోసం మావాడు చిన్న పరికరం చేయాలనుకున్నాడు. పోయిన కరెంటు తిరిగి రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. అందుకని కరెంటు వచ్చాక ఒక నిమిషం ఆగి అప్పుడు మోటారు వేసే పరికరం అన్నమాట. బ్యాటరీతో నడిచే ఆర్డూయినో ఊనో అనే చిన్న బోర్డు తీసుకుని, మోటారు బదులు ఒక ఎల్‌ఈడీ పెట్టి, కోడ్ ఏఐతో రాయించాడు. బోర్డు ఆన్ చేసి వెంటనే పరీక్షించాడు. నిమిషం ఆగింది, లైటు వెలిగింది. చాయ్ తాగి వచ్చి మళ్లీ పరీక్షిస్తే ఒక్క సెకను కూడా ఆగకుండా వెలిగింది. బోర్డు ఆపి మళ్లీ వేస్తే మొదటిసారి సరిగ్గా, తర్వాత తప్పుగా. ఏఐని అడిగితే వైర్లు వదులుగా ఉన్నాయేమో చూడమంది.

వాడు వైర్లు చూడలేదు, కోడ్ చూశాడు. కరెంటు వచ్చిన సమయాన్ని ఏఐ ఇంట్ అనే రకం డబ్బాలో దాచింది. ల్యాప్‌టాప్ మీద ఇంట్ సాధారణంగా 32 బిట్లు (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే చోటు), రెండు వందల కోట్ల పైదాకా పడుతుంది. వాడి దగ్గరున్న ఊనో మీద అది 16 బిట్లే, 32,767 దాటితే పొర్లిపోతుంది. సమయం లెక్క మిల్లీసెకన్లలో కాబట్టి 32,767 అంటే ముప్పై రెండు సెకన్ల పైచిలుకు. ఆ తర్వాత ఎప్పుడు కరెంటు వచ్చినా డబ్బాలో పడే అంకె తప్పే. తీసివేత చేస్తే "నిమిషం ఎప్పుడో దాటింది" అని వస్తుంది. డబ్బాను 32 బిట్లు ఉండి మైనస్ అంకెలు లేని అన్‌సైన్డ్ లాంగ్‌గా మార్చాడు, సరిపోయింది.

వాడికి అది ఎలా తట్టిందని అడిగాను. "కాకా, చిప్-8ల అంకె దాసే రిజిస్టర్ ఎనిమిది బిట్లే గద, 255 దాటితే మళ్ల సున్నకు వస్తది. 250కి 10 కలిపితే 4 వస్తది. గది చేసి చేసి యాదికున్నది," అన్నాడు. ఎవరికీ అక్కర్లేని యాభై ఏళ్ల నాటి ఊహా యంత్రం వాడికి నేర్పిన పాఠం అది. తప్పు పట్టుకోకుండా ఆ పరికరాన్ని మోటారుకు బిగించి ఉంటే, అది ఒక్క నిమిషం కూడా ఆగేది కాదు, ఎందుకు ఆగలేదో ఎవరికీ అర్థమయ్యేదీ కాదు. రాసేది ఏఐ అయినప్పుడు, రాసింది చదివి పట్టుకునే మనిషి ఇంకా ఎక్కువ కావాలి.

"మన జిల్లాల పిల్లలకు అయ్యే పని కాదు" అన్న మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే దారిలోనే ఆలేరు ఉంది. ఆ ప్రాంతపు చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేసిన నేత కుటుంబపు మనిషి. చీర నేయడానికి ముందు ఆసు పోయాలంటే, అంటే దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, చూసినవాళ్లు కాదన్నా వినక, ఏళ్ల తరబడి కూర్చుని 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అడగడానికి పక్కన ఇంజినీరు ఉండి చేయలేదు ఆయన.

నిజమైన అడ్డంకి ఒకటుంది, మెసేజీ దాన్ని ముట్టుకోలేదు. పీకోలో వాడే చిప్పు వివరాల పుస్తకం ఆరు వందల పేజీల పైనే, అంతా ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు అక్కడ ఆగిపోతున్నారు. అది పిల్లల తప్పు కాదు, వాళ్లకు తెలుగులో చెప్పని మాలాంటి వాళ్ల తప్పు.

అన్న భయంలోనూ న్యాయం ఉంది. క్యాంపస్ ఇంటర్వ్యూలో గేమ్ బాయ్ గురించి అడగరు, మార్కులూ ఆల్గరిథమ్సూ అడుగుతారు. వాటికీ సమయం ఇవ్వాలి, రాత్రి రెండింటిదాకా మేలుకోవడమూ మంచిది కాదు. ఇది వాడికి గట్టిగానే చెప్పాను. ల్యాప్‌టాప్ లాక్కోమని మాత్రం అన్నకు చెప్పను.

నిన్న మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. "కాకా, గా అన్‌సైన్డ్ లాంగ్ గూడ పొర్లుతది గద? లెక్క చేసిన, 49 రోజులు దాటితే మళ్ల సున్నకు వస్తది. పత్తి కాలం అంతకంటె పెద్దది." ఆ ప్రశ్న వాణ్ణి ఎవరూ అడగమనలేదు. తీసివేత కూడా అదే డబ్బాలో జరుగుతుంది కాబట్టి తేడా సరిగ్గానే వస్తుందని చెప్పాను. నమ్మలేదు. మొదలు పొర్లే అంచున ఉన్న 4,294,967,290 అనీ, ఇప్పుడు 10 అనీ పెట్టి బోర్డు మీద తీసివేత చేయించి చూశాడు. 16 వచ్చింది.