నిషేధం సరే, షరతులేవి?

పాకిస్తాన్‌తో వ్యాపారం మళ్లీ మొదలుపెట్టాలా అనే మాట వస్తే నెల్లూరు జిల్లాలో ముందు గుర్తొచ్చేది 2025 ఏప్రిల్ 22. ఆ రోజు పహల్గాంలో ఉగ్రవాదులు కాల్చి చంపిన 26 మందిలో మన జిల్లా మనిషి ఉన్నాడు. రాజకీయం వేరు, వ్యాపారం వేరు అని ఢిల్లీ సెమినార్లలో చెప్పినంత తేలిగ్గా ఇక్కడ ఎవరూ చెప్పలేరు. ఈ పత్రిక కూడా చెప్పదు. పాకిస్తాన్ సరుకు మీద పెట్టిన నిషేధాన్ని ఇప్పటికిప్పుడు ఎత్తేయమని మేం కోరడం లేదు. ఏం జరిగితే ఎత్తేస్తారో చెప్పమంటున్నాం.

జరిగింది ఒకసారి చూద్దాం. 1996లో మనం పాకిస్తాన్‌కు అత్యంత అనుకూల దేశం హోదా, అంటే సుంకాల్లో మిగతా దేశాలతో సమానంగా చూస్తామన్న హామీ, ఇచ్చాం. వాళ్లు మనకు ఎన్నడూ ఇవ్వలేదు. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత ఆ హోదా వెనక్కి తీసుకుని, అక్కడి సరుకు మీద 200 శాతం సుంకం వేశాం. ఆగస్టులో 370 అధికరణం రద్దు చేయగానే పాకిస్తాన్ తానే వ్యాపారం ఆపేసి, కొన్ని వారాల్లో మందులకు మాత్రం సడలింపు ఇచ్చుకుంది. పహల్గాం తర్వాత పంజాబ్ సరిహద్దులోని అట్టారి చెక్‌పోస్టు మూసేశారు. మే 2న పాకిస్తాన్ సరుకు ఏ దారిన వచ్చినా దిగుమతి కుదరదన్నారు. ఎప్పటిదాకా అంటే, తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా.

దీనివల్ల ఎవరికి ఎంత దెబ్బ? 2018-19లో మనం వాళ్లకు సుమారు 200 కోట్ల డాలర్ల సరుకు అమ్మాం, కొన్నది 50 కోట్ల లోపే. 200 శాతం సుంకానికే ఆ కొనుగోలు దాదాపు అడుగంటింది. కాబట్టి 2025 నిషేధంతో కొత్తగా ఆగాల్సింది దుబాయ్ మీదుగా వచ్చే సరుకే. అది ఆగిందా? ఆ జూన్‌లోనే అక్రమ దిగుమతులను పట్టుకునే కేంద్ర సంస్థ డీఆర్‌ఐ అధికారులు 39 కంటైనర్లు పట్టుకున్నారు. 1,115 టన్నులు, విలువ సుమారు 9 కోట్ల రూపాయలు. కాగితాల్లో యూఏఈ, సరుకు పాకిస్తాన్‌ది. అందులో ఎండు ఖర్జూరం కూడా ఉంది. పెళ్లి తాంబూలంలో పెట్టే ఎండు ఖర్జూరం ఒకప్పుడు ఎక్కువగా సింధ్ నుంచే వచ్చేది, సైంధవ లవణం ఖేవ్రా గనుల నుంచి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బస్తా కొనేవాళ్లు అది ఏ రేవులో పేరు మార్చుకుని వచ్చిందో అడగరు. మధ్యలో లాభపడేది దుబాయ్ దళారీ.

ఉగ్రవాదం, వ్యాపారం కలిసి సాగవని ప్రధాని అన్నారు. సూత్రంగా మాకు అభ్యంతరం లేదు. అయితే 2020లో గల్వాన్‌లో 20 మంది సైనికులు చనిపోయాక కూడా చైనా సరుకు ఆగలేదు. 2024-25లో అక్కడి దిగుమతులు 11,000 కోట్ల డాలర్లు దాటాయి. తనకు నష్టం తక్కువున్న చోటే ప్రభుత్వం సూత్రం మాట్లాడుతోందని ఎవరైనా అంటే జవాబు చెప్పడం కష్టమే.

మార్కెట్ ఒక్కసారిగా పోతే ఏమవుతుందో నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టులో, మన దేశం రష్యా చమురు కొంటోందని వేసిన అదనపు వడ్డనతో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఇందుకూరుపేట, విడవలూరు వైపు వనామి రొయ్యల రైతులకు ఎంత టెన్షన్ పట్టుకుందో చూశాం. రష్యా చమురు కొన్నది వాళ్లు కాదు. అంతకుముందు సోవియట్ యూనియన్ కూలినప్పుడు ఒంగోలు, కందుకూరు పొగాకుకు ఒక పెద్ద కొనుగోలుదారు పోయాడు. పోయిన కొనుగోలుదారు వేరే చోటు వెతుక్కుంటాడు. మన పత్తి కొనే పాకిస్తాన్ మిల్లులు ఇప్పుడు బ్రెజిల్, అమెరికా పత్తి కొంటున్నాయి.

అడ్డంకులన్నీ తొలగితే రెండు దేశాల వ్యాపారం 3,700 కోట్ల డాలర్లకు చేరగలదని ప్రపంచ బ్యాంకు 2018లో లెక్కగట్టింది. దాని మీద మేం పెద్దగా ఆశలు పెట్టుకోం. మనం తాళం తీసినా గొళ్లెం అటువైపు ఉంది. 2021 మార్చి 31న మన పత్తి, చక్కెర కొనడానికి పాకిస్తాన్ ఆర్థిక సమన్వయ కమిటీ ఒప్పుకుంది. మర్నాడే వాళ్ల మంత్రివర్గం కాదంది. అక్కడి మిల్లులకు పత్తి కావాలి, అయినా వాళ్ల మాట చెల్లలేదు.

అలాగని గడువూ షరతూ లేని నిషేధం వల్ల అవతలివాళ్ల మీద ఒత్తిడి ఉండదు. ఏం చేస్తే తెరుచుకుంటుందో తెలియనప్పుడు వాళ్లు దేనికోసం మారాలి? ఉగ్రవాద ముఠాల నాయకుల మీద కేసులు నడవడం, శిబిరాలు మూతపడటం లాంటి, బయటివాళ్లు కూడా సరిచూడగల షరతులు రాతపూర్వకంగా పెట్టాలి. అవి నెరవేరిన కొద్దీ మందుల ముడిసరుకు, పత్తి లాంటి మనం అమ్మే వాటితో మొదలుపెట్టవచ్చు. మినహాయింపు కుదరదనేమీ లేదు. అట్టారి మూసిన నెలలోపే అఫ్గానిస్తాన్ నుంచి ఎండు పండ్లతో వచ్చిన 160 లారీలకు ప్రత్యేకంగా దారి ఇచ్చారు. ఈలోగా దుబాయ్ దారి మీద నిఘా పెంచాలి. అది చేయలేకపోతే ఈ నిషేధానికి అర్థం లేదు.

నెల్లూరు, ఒంగోలు ఎంపీలు వచ్చే పార్లమెంటు సమావేశాల్లో వాణిజ్య మంత్రిని రెండు విషయాలు అడగాలి: నిషేధం వచ్చాక యూఏఈ నుంచి ఎండు ఖర్జూరం దిగుమతి ఎంత పెరిగింది, ఆ తదుపరి ఉత్తర్వులు రావాలంటే ఏం జరగాలి?