ఆయన రాసుకుంటన్నారు, సద్దు సెయ్యకండి

గోలలో రాయొచ్చు. సాయంలో రాయడమే కష్టం.

మా పర్లాకిమిడిలో గోలకేం లోటు లేదు. ఎదురింట్లో ఒడియా సీరియలు, పక్కింట్లో తెలుగు సీరియలు, రెండిట్లోనూ అత్తగారు కోడల్ని తిట్టే టైము ఒక్కటే. వీధిలో పాతసామాన్లవాడి మైకు. ఈ గోలలోనే కూర్చుని ఉద్యోగం చేసినన్నాళ్లూ పరీక్ష పేపర్లు దిద్దాను. ఒక్కనాడూ చెయ్యి ఆగలేదు. మొన్న మాత్రం ఇంట్లోవాళ్లూ, వీధిలోవాళ్లూ కలిసి నాచేత రాయించాలని నడుం కట్టారు. అంతే, పెన్ను కదిలితే ఒట్టు.

సంగతేమిటంటే, ఆగస్టు 29న గిడుగు రామ్మూర్తి పంతులుగారి జయంతి. తెలుగు భాషా దినోత్సవం ఎక్కడైనా చేస్తారు గానీ, మా ఊళ్లో చేస్తే ఆ దర్జా వేరు. ఆయన 1880లో బడిపంతులుగా చేరింది ఇక్కడే. సవరవాళ్లతో కలిసి తిరిగి వాళ్ల భాష పట్టుకున్నదీ ఇక్కడే. 1936లో ఊరు ఒడిశాలో కలిస్తే మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్లిపోయిందీ ఇక్కణ్ణుంచే. సభవాళ్లు వచ్చి నాలుగు పేజీల వ్యాసం చదవమన్నారు. నాలుగు పేజీలెంతసేపు, ఒక పొద్దుటి పని అనుకున్నాను.

మా అమ్మాయి భువనేశ్వర్ నుంచి ఫోన్లో ఉపాయం చెప్పింది. "నాన్నా, ఫ్రాన్సెస్కో సిరిల్లో అని ఒక ఇటలీ ఆయన చదువుకునే రోజుల్లో కనిపెట్టాడు. వంటింటి టైమరు ఎదురుగా పెట్టుకుని 25 నిమిషాలు పనిచెయ్యాలి, అయిదు నిమిషాలు ఆగాలి. అంతే!"

స్పీకరు ఆన్‌లో ఉంది. మా ఆవిడ వింది. మా వంటింట్లో టైమరంటే కుక్కరే.

"మూడో కూతకి ఆపీండి" అని పప్పు ఎక్కించింది. "గిడుగువారు పుట్టింది 1863లో" అని రాశానో లేదో, మూడు కూతలూ కూసేసింది. ఇటలీలో పప్పు ఎలా ఉడుకుతుందో గానీ, ఇక్కడ నానబెట్టిన కందిపప్పు ఎవరి కోసమూ ఆగదు. ఆ అయిదు నిమిషాల విశ్రాంతి ఊరికే పోనివ్వడం ఎందుకని కొబ్బరికాయా, కోరామూ తెచ్చి ముందు పెట్టింది. కోరడం అయ్యేసరికి గిడుగువారు పుట్టి చాలాసేపయింది. తరవాత ఏం చేశారో నాకు తోచలేదు.

అప్పుడు తను కాపలా పద్ధతి ఎత్తుకుంది. అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ ఒకటే చెప్పడం: "ఆయన రాసుకుంటన్నారు, సద్దు సెయ్యకండి!" ఈ కేక ముందు పాతసామాన్లవాడి మైకు ఏ మూలకి? పాలబ్బాయి సైకిలు బెల్లు మీద చెయ్యి తీసేసి, కిటికీ ఊచల్లోంచి మొహం పెట్టి గుసగుసగా, "ఏటి రాస్తన్నారు మాస్టారూ?" అన్నాడు. మామూలుగా అడిగితే తల ఊపి ఊరుకునేవాణ్ణి. గుసగుసకి మాత్రం జవాబు చెప్పాల్సి వస్తుంది, అదీ గుసగుసగానే.

ఎదురింటి మావుసీ ఏకంగా టీవీ కట్టేసింది. ఆవిడ సీరియలు కట్టెయ్యడమంటే మాటలు కాదు. ఇక ఇంట్లో ఏం తోస్తుంది? "కొణొ లేఖుచొంతి సార్?" అంటూ వచ్చి మా ఆవిడ పక్కన చేరింది. అప్పట్నుంచి కాపలా రెండు భాషల్లో సాగింది.

ఇంత ప్రచారం జరిగితే ఊరు ఊరుకుంటుందా! మా సరిహద్దు ఊళ్లలో ఒకడు రాస్తున్నాడంటే దరఖాస్తు రాస్తున్నాడనే. కచేరీ పనులకి ఒడియా కావాలి, పాతపట్నంలో చుట్టాలకి తెలుగు కావాలి, బ్యాంకుకి ఇంగ్లీషు. ఈ మూడూ గీకగలిగినవాడు ఇంట్లో కూర్చుని, పైగా రాస్తూ ఉన్నాడని కబురొస్తే జనం రాకేం చేస్తారు? విక్టర్ హ్యూగో 1830లో నవల గడువు ముంచుకొస్తే బయటికి పోకుండా బట్టలు దాచి తాళం వేయించి, శాలువా ఒకటి కప్పుకుని రాశాడంటారు. నేనూ లుంగీలోనే ఉన్నాను. కానీ మా వీధిలో మనిషి లుంగీలో కనిపించాడంటే ఖాళీగా ఉన్నాడనే లెక్క.

ముందు వచ్చింది ఒక ముసలమ్మ. కొంగుముడి విప్పి, అందులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, కవర్లోంచి ఇంకో కవరు తీసి, నాలుగు మడతల కాగితం నా గిడుగువారి మీద పరిచింది. పింఛను దరఖాస్తు. పనిలో ఉన్నానమ్మా అన్నాను.

"అందికే గదా బాబూ వచ్చినాను! ఎలాగూ రాస్తన్నారు, ఆ చేత్తోనే ఇదీ రాసీండి."

ఈ లాజిక్కుకి ఎదురు చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. రాశాను. వేలిముద్రకి సిరా కూడా నాదే.

ఆవిడ వెనకాలే శుభలేఖ ప్రూఫు పట్టుకుని పెళ్లికూతురి తండ్రి. కంపోజు చేసిన కుర్రాడికి తెలుగు అక్షరాలు కొత్త కాబోలు, "విందు"లో సున్నా ఎగిరిపోయింది. సున్నా లేకపోతే భోజనాలు లేనట్టే కదా, పెట్టాను. చూస్తే మేనమామల వరసలో ఒక పేరు లేదు. అది పొరపాటా, తగువా అని అడగడం నాదే తప్పయింది. పాతికేళ్ల నాటి పొలంగట్టు దగ్గర్నుంచీ మొదలెట్టాడు. మావుసీ వచ్చి కూర్చుని విన్నది. కట్టేసిన సీరియలు నష్టం ఆవిడకి అక్కడ పూడింది.

మన్యం తిరిగి మలేరియా తెచ్చుకున్న పంతులుగారికి, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడొచ్చింది. జీవితాంతం ఆ బాధ పడ్డారు. అంత బాధలోనూ సవరలకి వాచకాలు రాశారు, నిఘంటువు కూర్చారు. ఈ మాట వ్యాసంలో పెడదామని పైకి చదువుతూంటే మా ఆవిడ గుమ్మంలోంచి, "ఆ మాత్రలు ఇప్పుడు దొరుకుతాయా?" అంది. ఎవరికోసం అని అడగలేదు నేను.

సాయంత్రం సభ కార్యదర్శే వచ్చాడు. వ్యాసం ఒకటిన్నర పేజీ దగ్గరుందని ఎలా చెప్పాలా అని నేను చూస్తూంటే, ఆయనే తల గోక్కుంటూ మొదలెట్టాడు.

"మాస్టారూ, ఏటనుకోకండి. ఉపన్యాసాలు ఎక్కువైపోనాయి. మీది వచ్చే ఏడు పెట్టుకుందాం. గానీ మీ దస్తూరీ బాగుంటాది కదా, బహుమతుల సర్టిఫికెట్ల మీద పిల్లల పేర్లు మీరే రాసీండి. పైన తెలుగు, కింద ఒడియా. రేపటికి కావాలి, బేగి."

కట్ట బల్ల మీద పెట్టాడు. మా ఆవిడ లోపలికి వెళ్తూ, "ఉండండి, కుక్కరెక్కిస్తాను" అంది.