ఏజెంటు కంటే ముందు అధ్యాపకుడు

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల్లో కువైట్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. వాళ్లలో చాలామంది అరబ్బీని బడిలో నేర్చుకోలేదు. యజమానురాలి కేకలు వింటూ వంటింట్లోనో, దారి తప్పుతూ డ్రైవరు సీట్లోనో నేర్చుకున్నారు. జీతమెంతో, సెలవు ఎన్నాళ్లకో చదవలేకుండానే అగ్రిమెంట్ల మీద సంతకాలు పెట్టారు. ఇప్పుడు పిల్లల చూపు జపాన్ వైపు మళ్లుతోంది. ఈసారైనా ఏజెంటు కంటే ముందు భాష అందాలి. అందుకే మన ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో జపనీస్, చైనీస్, సంజ్ఞా భాషల ప్రాథమిక కోర్సులు మొదలుపెట్టాలని కోరుతున్నాం.

జపాన్‌లో పనిచేసే వయసువాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, వ్యవసాయం వంటి పనులకు విదేశీయులను తీసుకునేందుకు ఆ దేశం 2019 ఏప్రిల్‌లో ప్రత్యేక వీసా తెచ్చింది. దానిపై 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం కుదిరింది. ఐదేళ్లలో 50 వేల మంది నిపుణులైన భారతీయులు జపాన్‌కు వెళ్లేలా చూడాలని 2025 ఆగస్టులో ఇరు దేశాలూ లక్ష్యం పెట్టుకున్నాయి. ఆ వీసాకు పని నైపుణ్యం ఒక్కటే చాలదు, జపనీస్ సామర్థ్య పరీక్షలో కింది నుంచి రెండో మెట్టైన ఎన్4 స్థాయో, దానికి సమానమైన మరో పరీక్షో గట్టెక్కాలి.

ఇక్కడే కళాశాలలు పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పాలి. రెండు క్రెడిట్ల కోర్సు అంటే సెమిస్టరుకు 30 గంటలు. జపనీస్ పరీక్షల పాత లెక్కల్లో అట్టడుగు స్థాయికే 150 గంటల చదువు కావాలన్నారు, ఆ పై మెట్టుకు 300. హిరగాన, కతకాన అనే రెండు లిపుల అక్షరాలు 46 చొప్పున నేర్చుకునేసరికే సెమిస్టరు సగం గడిచిపోతుంది. నిత్య వాడుకకు ఆ దేశం నిర్ణయించిన కంజీలు, అంటే చైనా లిపి నుంచి తీసుకున్న అక్షరాలు, 2,136. ముప్పై గంటల సర్టిఫికెట్టు చూపి వీసా వస్తుందని ఎవరైనా ఆశపెడితే అది మోసమే. కాబట్టి కోర్సు ఒక సెమిస్టరుతో ఆగకూడదు, డిగ్రీ ఉన్నన్నాళ్లూ మెట్టుమెట్టుగా సాగాలి.

మన పిల్లలకు ఒక అనుకూలత ఉంది. జపనీస్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది, విభక్తుల్లాంటివి నామవాచకం వెనకే చేరతాయి. ‘కడపకు పోతాను’ అన్న వరస అక్కడా దాదాపు అలాగే నిలుస్తుంది. అలాంటి భాషను ఇంగ్లిష్ మీదుగా తలకిందులు చేసి చెప్పడం దేనికి? తెలుగులోనే పాఠాలు రాయించాలి. ఆ పని యోగి వేమన విశ్వవిద్యాలయం చేపట్టాలి.

చైనీస్ సంగతి వేరు. 2019 నాటి జాతీయ విద్యావిధానం ముసాయిదాలో ఉన్న ఆ భాష పేరు 2020 తుది ప్రతిలో కనిపించలేదు. పొరుగు దేశంతో తగవు ఉన్నప్పుడు ఆ భాష తెలిసినవాళ్ల అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదని మా అభిప్రాయం. కేంద్రం 2024 ఆగస్టులో ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో కొప్పర్తి, ఓర్వకల్లు రెండూ సీమవే. అక్కడికి రాబోయే ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు చైనా సరఫరాదారులతో మాట్లాడగలిగే మనుషులు అక్కరకొస్తారు.

సంజ్ఞా భాషను మాత్రం ఈ రెండింటి పక్కన తోకగా చేర్చవద్దు. ఆ భాష అవసరం మన ఊళ్లోనే ఉంది. ఆసుపత్రి ఓపీ గదిలో వినికిడి లేని తల్లి తన నొప్పి గురించి డాక్టరుకు చెప్పాలంటే పదేళ్ల కొడుకు మధ్యలో నిలబడాలి. ఆ వయసు పిల్లవాడి ముందు ఆమె ఏం చెప్పుకోగలదు? ఏది దాచుకుంటుంది? 2011 జనాభా లెక్కల్లోనే వినికిడి లోపం ఉన్నవారు దేశంలో 50 లక్షలు దాటారు. బ్యాంకులో, పోలీస్ స్టేషన్‌లో, సచివాలయంలో వాళ్లకు ఎదురయ్యే ఉద్యోగి మన డిగ్రీ కళాశాలలో చదివినవాడే కదా.

అది వట్టి చేతి సైగల మూట కాదు. భారతీయ సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉంది, ప్రశ్నపదం వాక్యం చివర వస్తుంది, ముఖకవళిక కూడా అర్థంలో భాగమే. 2015లో ఏర్పడిన జాతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి నిఘంటువును 10 వేల పదాలకు పెంచింది. బధిరులను ఈ భాషా బోధకులుగా తీర్చిదిద్దే డిప్లొమా కూడా ఆ కేంద్రంలో ఉంది. మన కళాశాలల్లోనూ బోధకులుగా మొదటి అవకాశం బధిరులకే దక్కాలి. వాళ్ల భాషను వాళ్ల దగ్గరే నేర్చుకోవడం న్యాయం. పైగా అది వాళ్లకు గౌరవమైన ఉద్యోగం.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తన తెలుగు పని కోసం పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. ఆయన బంగళా ఉన్నచోటే నేడు మన భాషా పరిశోధన కేంద్రం నిలిచింది. ఆ ఊళ్లోనే, గంటకింత అని లెక్కగట్టిన గెస్ట్ లెక్చరర్లతోనో, రికార్డు చేసిన వీడియోలతోనో భాష నేర్పుతామంటే ఒప్పుకోలేం. చైనీస్‌లో మాట అర్థాన్నే మార్చే నాలుగు స్వరాలను (గొంతు ఎత్తుపల్లాలను) తప్పు లేకుండా పలకాలంటే వినేవారూ దిద్దేవారూ ఎదుట ఉండాలి.

జపనీస్ పరీక్ష జులై, డిసెంబరు మొదటి ఆదివారాల్లో జరుగుతుంది. రాయాలంటే చెన్నై, బెంగళూరు లాంటి నగరాలకు పోవాలి. మొదటి ప్రయత్నానికి ఫీజు, రానుపోను ఛార్జీలు కళాశాలే భరించాలి. డిగ్రీ ప్రవేశాల నోటిఫికేషన్ వెలువడేలోగా మూడు భాషలకూ అధ్యాపక పోస్టులు ప్రకటించాలని ఉన్నత విద్యామండలిని కోరుతున్నాం.